చివర కూర్చున్న మనిషి

బదిలీల జాబితా బయటికి వెళ్ళిన నాలుగో రోజున, గురువారం మధ్యాహ్నం భోజనాలకు పావుగంట ముందు, చీమ తన తప్పును కనుక్కుంది. అందుకు ఆమెకు పట్టింది ఒక కాగితం, ఒక పెన్సిలు, ఆరు పేర్లు. కనుక్కున్న మరుక్షణం లేచి, తలుపు తీసుకుని, మెట్లెక్కి, ఎండలోకి వెళ్ళి నిలబడాలనిపించింది. కాని తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉంది.

ఆ తాళం ఆమెకోసం వేసింది కాదు. సర్కారు ఆసుపత్రుల నర్సులకు బదిలీలు జరిగే మూడు వారాలూ ఆ కంప్యూటర్ గదికి బయట తాళం వెయ్యడం ఆ ఆఫీసు ఆనవాయితీ. ఫోన్లు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బుట్టలో పడెయ్యాలి. ఒంటిగంటకు ఒకసారి, అయిదింటికి ఒకసారి సెక్షన్ ఆఫీసరు స్వయంగా వచ్చి తాళం తీస్తాడు. మధ్యలో అవసరం పడితే తలుపు మూడుసార్లు కొట్టి, ఆయన ఎక్కడున్నా వినబడాలని ప్రార్థించాలి. జాబితాలో ఎవరూ ఎవరికోసమూ చెయ్యి పెట్టలేదని లోకం నమ్మాలని ఈ ఏర్పాటు. లోకం సంగతేమో గాని, లోపలున్న ఇద్దరికీ గోడమీది మరకలన్నీ పేరుపేరునా పరిచయమయ్యాయి.

ఇద్దరిలో ఒకాయన రిటైర్మెంటుకు రెండేళ్ళ దూరంలో ఉన్న ఆపరేటరు. పేరున్నా ఎవరూ వాడరు. పక్కసీటాయన అంటే చాలు, భవనమంతటికీ తెలుసు. రెండోది చీమ. ఇరవయ్యారేళ్ళది, ప్రోగ్రాములు రాస్తుంది. చిన్నప్పుడు పలకమీద అక్షరాలు దిద్దమంటే గీతలు గీసి, గీతలమీద బియ్యపుగింజలు బారులు తీర్చేదని అక్క పెట్టిన పేరది. అక్క ఫోనులో పిలుస్తుంటే విని, ఆఫీసూ అదే ఖాయం చేసుకుంది. ఒక మాట పెదవి దాటేముందు చీమ దాన్ని మూడుసార్లు తిప్పి చూసుకుంటుంది. ఆలోగా అవతలివాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతారు. అలా లోపలే ఉండిపోయిన మాటలు ఆమె దగ్గర బోలెడు.

ఆ గురువారం తీగ లాగింది పక్కసీటాయనే. బదిలీ దక్కనివాళ్ళు పంపిన అర్జీలను తేదీలవారీగా దొంతి పెడుతూ, అలవాటుగా గొణుక్కున్నాడు.

"ఈసారి కుర్రకారుకి కలిసొచ్చింది, చీమమ్మా. నలభై తొమ్మిది అర్జీలు చదివాను. అన్నీ తలపండిన సిస్టర్లవే. కొత్తగా చేరినవాళ్ళది మందుకైనా ఒక్కటి లేదు."

"అర్జీలు ప్రతిసారీ వస్తాయిగా అన్నా."

"వస్తాయి. కలగాపులగంగా వస్తాయి. ఇవేంటో ఎవరో ఏరి పంపించినట్టున్నాయి."

చీమ చెయ్యి కీబోర్డుమీద ఆగిపోయింది. దొంతి పైనున్న అర్జీని తీసుకుంది. సముద్రపొడ్డున ఉప్పుమళ్ళ దగ్గరి ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఒక హెడ్ నర్సు రాసింది. మంచంలో ఉన్న తల్లి, ఒంటరి సంసారం, ఈ నగరంలోని పెద్దాసుపత్రికి బదిలీ కోరిక, మొత్తం పాయింట్లు డెబ్భై ఒకటి. చివర గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "నాకన్నా ఎక్కువ పాయింట్లు ఉన్నవారికి ఆ స్థానం ఇచ్చి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ సంఖ్య ఎంతో ఒక్కసారి తెలియజేయ ప్రార్థన."

పెద్దాసుపత్రిలో ఉన్నది ఒక్కటే ఖాళీ. అది ఎవరికి వచ్చిందో చీమకు జాబితా చూడకుండానే తెలుసు. అది వాళ్ళ అక్కకు వచ్చింది.

ఆ స్థానం కోరుకున్న ఆరుగురినీ ఆమె కాగితంమీద రాసుకుంది. ఉద్యోగ సంఖ్యల వరుసలో వాళ్ళ పాయింట్లు: డెబ్భై ఒకటి, అరవై ఆరు, నలభై, అరవై మూడు, యాభై రెండు, యాభై ఎనిమిది. చివరి యాభై ఎనిమిదీ అక్కవి. పెన్సిలు ములుకు అక్కడే విరిగింది.

ఆ ప్రోగ్రాము పోయినసారి బదిలీల దాకా వేరే తీరున నడిచేది. దరఖాస్తుల పట్టికను మెమరీలో నిలువుగా చీల్చి దాచేది: అందరి పేర్లూ ఒకచోట, అందరి పాయింట్లూ ఇంకోచోట, అందరి ఊళ్ళూ మరోచోట, ఇలా పందొమ్మిది చోట్ల. నర్సులందరి సగటు వయసెంతో చెప్పమంటే అంతకు మించిన పద్ధతి లేదు. వయసులన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఒక్క ఊపున చదివెయ్యొచ్చు. కాని ఒకే ఒక్క మనిషికి ఉత్తర్వు రాయాలంటే పందొమ్మిది గడపలు ఎక్కి దిగాలి. చీమ దాన్ని అడ్డంగా తిప్పింది. మనిషికొక వరుస. వరుస మొదట్లో బుల్లి బుల్లి జెండాలు, ఏ గడి ఖాళీగా ఉందో చెప్పడానికి. ఖాళీ వేరు, సున్నా వేరు గనక. జెండాల వెనక అంకెలు, ఒక్కోదానికి ఎనిమిదేసి బైట్ల గది. పేర్లకూ ఊళ్ళకూ పొడుగూ పొట్టీ ఉంటాయి కాబట్టి అవి వరుస తోకన. ముందు గదుల్లో వాటి చిరునామాలు మాత్రమే. ఒక మనిషి తాలూకు సమస్తమూ ఒకేచోట, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, చెదరకుండా.

ఆ పని చేసిన నెల రోజులూ ఆమె లోలోపల పాడుకుంటూనే ఉంది. ఎందుకంటే వాళ్ళింట్లో ఎవరూ ఒకచోట లేరు. అక్క తొమ్మిదేళ్ళుగా రాతిక్వారీల ఊళ్ళో నర్సు. ఈ నగరానికి బస్సులో ఏడు గంటలు. బావ దూరపు బస్సు డ్రైవరు. వారానికి రెండు రోజులు కనిపిస్తాడు. వాళ్ళ ఆరేళ్ళ కూతురు ఇక్కడ, చీమా అమ్మా ఉండే రెండు గదుల ఇంట్లో పెరుగుతోంది. పదిహేను రోజులకొక ఆదివారం వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయే తల్లిని ఆ పిల్ల ఒకసారి పక్కింటివాళ్ళకు "ఈవిడ మా ఆదివారం అమ్మ" అని పరిచయం చేసింది. అందరూ నవ్వారు. అక్క అందరికన్నా ఎక్కువ నవ్వింది.

అయితే బదిలీ కోరనివాళ్ళతో కలిపి వరుసలు వచ్చి నలభై వేలు. ఒక్కోదానికి ఒక్కో చోటు ఇవ్వాలంటే ఆ పాత కంప్యూటరు మెమరీ ఏ మూలకూ చాలదు. అందుకని చీమ అందరికీ కలిపి ఒకే చోటు పెట్టింది, ఫొటో స్టూడియోలో స్టూలు లాగ. ఒకరు వచ్చి కూర్చుంటారు, పని కాగానే లేస్తారు, అదే స్టూలుమీద తరవాతివాళ్ళు. ఒక ఖాళీకి ఆరుగురు పోటీ పడితే, ఇప్పటిదాకా వచ్చినవాళ్ళలో ఎక్కువ పాయింట్లు ఎవరివో గుర్తుంచుకోవాలి. అంటే ఆ మనిషి వరుసకు నకలు తీసి పక్కన పెట్టుకోవాలి. చీమ నకలు తియ్యలేదు. స్టూలు వైపు వేలు చూపించి, ఆ కూర్చున్నావిడే అని రాసుకుంది. ఆవిడ లేచింది, ఇంకొకావిడ కూర్చుంది, వేలు అటే చూపిస్తోంది. ఇప్పుడు పోలిక ఎవరికీ ఎవరికీ? కూర్చున్నావిడకూ కూర్చున్నావిడకే. తనకంటే తాను ఎవరు ఎక్కువ కాగలరు? అలా ఒకరి తరవాత ఒకరు కూర్చుని లేవగా, చిట్టచివర ఎవరు మిగిలారో ఆవిడే నెగ్గింది. చివర వచ్చేది కొత్త ఉద్యోగ సంఖ్యల వాళ్ళు. అందుకే అర్జీలన్నీ పాతవాళ్ళవి.

పరీక్షించలేదా అంటే, పరీక్షించింది. పరీక్ష కోసం లేని మనుషుల్ని పుట్టించి, వాళ్ళకు పాయింట్లు వేసింది: పది, ఇరవై, ముప్పై. బియ్యపుగింజల్నాటి అలవాటు, చిన్నదాన్నుంచి పెద్దదానిదాకా బారు తీర్చకపోతే చెయ్యి ఊరుకోదు. ఆ బారులో చివరిది ఎప్పుడూ అన్నిటికన్నా పెద్దదే. ప్రోగ్రాము ప్రతిసారీ సరిగ్గా చెప్పింది.

మొత్తం రెండువందల పన్నెండు ఖాళీలు. ఒంటిగంటకు తాళం తిరిగే చప్పుడయ్యేసరికి ఆమె లెక్క తేల్చుకుంది. అరవై నాలుగు తప్పు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు సెక్షన్ ఆఫీసరు, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

చీమ మాటను ఒకసారి తిప్పి చూసుకుంది, రెండోసారి తిప్పి చూసుకుంది. మూడోసారికి ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి నడవలో పెట్టె అడ్డంగా ఉంది. నల్లటి ఇనప్పెట్టె, మూలలు సొట్టలు పోయినది, మూతమీద అక్క ఉద్యోగ సంఖ్య తెల్లరంగుతో రాసి ఉన్నది. సోమవారం పెద్దాసుపత్రిలో చేరాలి గనక అక్క క్వారీ ఊరిని ఖాళీ చేసి వచ్చేసింది. నడవ వెడల్పు ఎంతో, పెట్టె వెడల్పు దాదాపు అంతే. గోడకు వీపు ఆనించి పక్కకు నడిస్తే తప్ప వంటగదిలోకి దారి లేదు.

"రావే చీమా, పొట్ట లోపలికి లాక్కుని రా. నీకు పొట్టెక్కడిదిలే," అంది అక్క లోపలినుంచి. "బావ వస్తే చూడాలి తమాషా. ఆయన బస్సు నడిపినంత సులువు కాదు ఇది."

పిల్ల పెట్టెమీద కూర్చుని మడమలతో దాన్ని వాయిస్తోంది. "పిన్నీ, అమ్మ ఇంక అన్ని వారాలూ ఉంటుందంట. మంగళవారం కూడా."

"మంగళవారం ప్రత్యేకంగా ఎందుకే?"

"మంగళవారం డ్రిల్లు. తెల్లబూట్లకి పాలిష్ చెయ్యాలి. నీకు రాదుగా."

నిజమే, చీమకు రాదు. ప్రతి మంగళవారం ఆ బూట్లు చారలు చారలుగా తయారవుతాయి. భోజనాల దగ్గర అక్క క్వారీ ఊరి సంగతులు చెప్పింది: తొమ్మిదేళ్ళుగా పళ్ళలో కరకరలాడే దుమ్ము, కరెంటు లేనప్పుడు టార్చి నోట్లో కరుచుకుని కట్టిన కట్లు, వీడ్కోలు రోజున సూపరింటెండెంటు మాట్లాడలేక మాట్లాడలేక చివరికి ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పారిపోవడం. అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. చీమ ముద్ద మింగలేక నీళ్ళు తాగుతూ కూర్చుంది. నోట్లో ఉన్నది కక్కలేనిది, మింగలేనిది.

శుక్రవారం పొద్దున అక్క డాబామీద తడిబట్టలు ఆరేస్తోంది. క్లిప్పుల డబ్బా పట్టుకుని చీమ వెనకే నిలబడింది. చెప్పాలనుకున్నదాన్ని ఈసారి తిప్పి చూసుకోలేదు. చూసుకుంటే ఇక రాదని తెలుసు.

"అక్కా, ఆ పోస్టు నీది కాదు."

అక్క దుప్పటిని దులిపింది. చీమ అంతా చెప్పింది. స్టూలు సంగతి, వేలు సంగతి, నకలు తియ్యని సంగతి. జీవితంలో ఆమె అంతసేపు ఆపకుండా మాట్లాడింది అదే మొదటిసారి. అక్క వింటూనే దుప్పటి అంచులు కలిపింది, ఒక క్లిప్పు పెట్టింది, ఇంకో క్లిప్పు కోసం చెయ్యి చాచింది.

"ఆవిడవి ఎన్ని?"

"డెబ్భై ఒకటి."

"నావి యాభై ఎనిమిది. మధ్యలో ఎవరన్నా ఉన్నారా?"

"అరవై ఆరు, అరవై మూడు."

"అంటే నేను నాలుగోదాన్ని. గుమ్మం దాకా కూడా రాలేదన్నమాట." అక్క తీగ చివరికి నడిచి వెనక్కి వచ్చింది. "నేను జాబితా చూసినరోజే అనుకున్నాను చీమా. నా పాయింట్లు నాకు తెలీవా? ఒక్క ఖాళీ, అదీ ఈ ఊళ్ళో, అదీ నాకు. మా చీమ ఏదో చేసిందిలే అనుకున్నాను. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు చెప్పాలి, చెప్తే నేను వినాలి. ఎందుకొచ్చిన గొడవ అని."

"నేను కావాలని చేశాననుకున్నావా?"

"అనుకున్నాను."

"నేనలాంటిదాన్నా అక్కా?"

"కాదని ఇప్పుడు తెలిసింది. నిన్నటిదాకా తెలీదు." అక్క గొంతు తగ్గింది. "నిన్నటిదాకా నువ్వంటే ఎంత ఇష్టంగా ఉందో చెప్పలేను."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. తన్నిన ప్రతిసారీ అది దగ్గి ఊరుకుంటోంది.

"నువ్వు నోరు విప్పకపోతే ఇంకెవరికన్నా తెలుస్తుందా?"

"తెలీదు. సోమవారం అందరూ చేరిపోతే ఇంక మూడేళ్ళదాకా ఎవర్నీ కదపడానికి వీల్లేదు. రూలు."

"ఊఁ. మరి నాకెందుకు చెప్పావే?"

చీమ డబ్బాలోంచి చివరి క్లిప్పు తీసి ఇచ్చింది.

"హాయిగా ఏమీ తెలీకుండా ఉండేదాన్ని. ఇప్పుడు నన్ను కూడా నీ గదిలో పెట్టి తాళం వేశావు." అక్క డబ్బాలో చెయ్యి పెట్టింది. క్లిప్పులు అయిపోయాయి. మిగిలిన చిన్న బట్టలను తీగమీద అలాగే వేసింది. "చూడు. చెప్పెయ్ అని నేను అనను. ఊరుకో అనీ అనను. నా నోటినుంచి రెండూ రావు. నువ్వు వెళ్ళు, నీకు టైమవుతోంది."

చీమ ఆఫీసు దాకా అరగంట నడిచింది. తొమ్మిదిన్నరకు ఫోను బుట్టలో వేసింది. తాళం పడింది. ఉప్పుమళ్ళ నర్సు అర్జీ నిన్న పెట్టినచోటే ఉంది. ఆ సంఖ్య ఎంతో ఒక్కసారి తెలియజేయ ప్రార్థన. ఆవిడ పోస్టు అడగలేదు, న్యాయం అడగలేదు, ఒక సంఖ్య అడిగింది. ఆ సంఖ్య యాభై ఎనిమిది అని తెలిస్తే ఎలా ఉంటుందో చీమ ఊహించబోయి మానుకుంది. మంచంలోని తల్లికి నీళ్ళు తాగించే చెయ్యి కనబడింది. వెంటనే తెల్లబూట్ల చారలూ కనబడ్డాయి. పక్కసీటాయన ఏదో జోకు వేశాడు. ఆమె నవ్వలేదు. పదకొండూ ఇరవైకి లేచి వెళ్ళి తలుపు మూడుసార్లు కొట్టింది. ఒంటిగంటదాకా ఆగితే ధైర్యం ఆగదని.

సెక్షన్ ఆఫీసరు చెడ్డవాడు కాడు. చెవిమీద పెన్సిలుతో, చేతిలో తాళాల గుత్తితో, సగం తాగిన టీని ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటూ బతికే మనిషి. తన గదిలో కుర్చీ చూపించి, ఆమె చెప్పిందంతా విన్నాడు. స్టూలు దగ్గరికొచ్చేసరికి తాను కూర్చున్న కుర్చీని ఒకసారి చూసుకున్నాడు.

"అరవై నాలుగు," అన్నాడు చివరికి. "అందులో నీకు మొదట దొరికింది ఏది?"

"పెద్దాసుపత్రి పోస్టు, సర్. అది మా అక్కకి వచ్చింది."

ఆయన బీరువా తెరిచి, ఒక ఫైలు తీసి, ఒక కాగితం దగ్గర ఆగాడు. బదిలీల పని మొదలయ్యే ముందు అందరూ సంతకం పెట్టిన ప్రకటన అది. "జాబితాలో నా బంధువులు" అన్నచోట చీమ ఏమీ రాయలేదు. ఆ రోజు ఆమె, సర్, మా అక్క, అని మొదలుపెట్టిన మాట పూర్తయ్యేలోపలే ఆయన, ఖాళీగా ఉంటే లేరనే లెక్కమ్మా, పెట్టు సంతకం అని కాగితం లాక్కున్నాడు. ఖాళీ వేరు, సున్నా వేరని ఆ ఆఫీసు మొత్తంమీద బాగా తెలిసిన మనిషి అలాగే ఊరుకుంది.

"దీన్ని చూసినవాడు ఏమంటాడో తెలుసా? అక్క కోసం ప్రోగ్రాములో చెయ్యి పెట్టి, అర్జీ వచ్చేసరికి జడిసి, పొరపాటు కథ అల్లిందంటాడు. నేను నిన్ను నమ్ముతాను. నేను నమ్మితే ఏమవుతుంది?" ఆయనకు టీ కప్పు దొరికింది; తాగలేదు. "ఒక పని చేద్దాం. ఆ పెద్దాసుపత్రి ఒక్కటీ సరిచేసేద్దాం. ఆ ఉప్పుమళ్ళావిడకి ఇచ్చేద్దాం. నీమీద మాట రాదు. మిగతా అరవై మూడింటికీ ఒక దండం. ఎవరి అదృష్టం వాళ్ళది."

చీమకు ఆ మాటలో ఒక తలుపు కనబడింది. తెరిచే ఉంది, చల్లగాలి వస్తోంది. దాని గుండా నడిచిపోతే తాను శుభ్రం, ఆయన శుభ్రం. నష్టపోయేది అక్క ఒక్కతే, ఆ తరవాత పేరు తెలియని అరవై ముగ్గురు.

"ఒక్క వరసే మార్చాలంటే చేత్తో మార్చాలి, సర్. ఎవరూ చెయ్యి పెట్టకూడదనేగా మనకి తాళం."

ఆయన టీ కప్పును పక్కకు నెట్టాడు. తరవాత ఒక తెల్లకాగితం ఆమె వైపు జరిపాడు.

"అయితే రాయి. తప్పు నీది అని, నీ ఒక్కదానిదే అని. మీ అక్క సంగతి కూడా రాయి, దాస్తే ఇంకా ప్రమాదం. ఇది రాశాక నిన్ను ఆ సీట్లో ఉంచరు."

"రాయకపోతే?"

"ఉంచుతారు. నువ్వే కావాలని ఉంచుతారు, రిటైరయ్యేదాకా."

ఆమె రాసింది. అక్షరాలు చీమల బారులా వచ్చాయి.

"దిద్దడానికి ఎంత పడుతుంది?"

"ఒక్క మాట, సర్. నకలు తియ్యమని ఒక్క మాట చేర్చాలి."

"ఒక్క మాటకి అరవై నలుగురు," అన్నాడాయన, కాగితం ఫైల్లో పెడుతూ. ఎవర్నీ తిట్టినట్టు లేదు. లెక్క నచ్చనట్టు ఉంది.

శనివారం పొద్దున ప్రోగ్రాము మళ్ళీ నడిచింది. అందుకు పట్టింది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ పక్కసీటాయన వక్కపలుకు కూడా నమలకుండా కూర్చున్నాడు. పెద్దాసుపత్రికి ఎదురుగా డెబ్భై ఒకటి వచ్చింది. చీమ అక్క వరుస దగ్గరికి వెళ్ళింది. మొదటి కోరిక దక్కలేదు, రెండోదీ దక్కలేదు, మూడోదీ దక్కలేదు. ప్రస్తుత స్థానమే, క్వారీ ఊరు. కొత్త స్థానం అన్న గదిలో ఏమీ లేదని వరుస మొదట్లో జెండా ఎగిరింది.

"ఇంటికెళ్ళు చీమమ్మా," అన్నాడు పక్కసీటాయన. వెళ్ళడానికి అయిదు కాలేదు. తలుపు తాళం వేసే ఉంది. ఆయనకూ అది గుర్తొచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఇంట్లో ఆమె ఏమీ చెప్పనక్కరలేకపోయింది. అక్క ఫోనుకు కబురు అప్పటికే వచ్చింది. ఆ రోజు డ్యూటీ లేని బావ పెట్టెను ఒకచేత్తో ఎత్తి చూసి, కింద పెట్టి, "ఏమోయ్ మరదలా, మా ఆవిడని మళ్ళీ బస్సెక్కించావు. నా కంపెనీకి ఒక టిక్కెట్టు," అన్నాడు. నవ్వాలని చూశాడు. నవ్వు సగంలో ఆగింది. ఆ తరవాత ఆయన బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు. అమ్మ ఎవరి వైపూ చూడకుండా పొయ్యి తుడుస్తూ కూర్చుంది. పిల్ల మాత్రం ముక్కుసూటిగా అడిగింది.

"మంగళవారం ఉండవా?"

"ఉండను. ఇటు రా, బూట్లకి పాలిష్ ఎలాగో పిన్నికి నేర్పిస్తాను. నువ్వూ చూడు, మర్చిపోతే గుర్తుచెయ్యాలి." అక్క నేలమీద కూర్చుని, తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి పక్కన పెట్టుకుని, ఎడమ బూటు తాను చేసి కుడి బూటు చీమకు ఇచ్చింది. "అంత నొక్కకు. ఇంజెక్షన్ ఇచ్చేముందు తుడుస్తామే, అలా. ఒకే వైపుకి." చీమ తుడిచింది. అక్క చూసి, తల అటూ ఇటూ ఊపి, "సరే, చారలు తగ్గాయి," అంది. ఆ రెండు రోజుల్లోనూ అక్క ఆమెతో మాట్లాడింది అంతే.

ఆదివారం బస్సెక్కేముందు పెట్టె దగ్గర ఆగింది. సంచిలోకి నాలుగు జతల బట్టలు, గోడ గడియారం తీసుకుంది. మూత వేసింది.

"దీన్ని మళ్ళీ అంత దూరం మొయ్యలేను. ఇక్కడే ఉండనీ."

సోమవారం నుంచి చీమ అదే గదికి వెళ్తోంది. బదిలీలు అయిపోయాయి, తాళం తీసేశారు. తలుపు రోజంతా బార్లా తెరిచి ఉంటుంది. కాని ఆమె కంప్యూటరుకు పాస్‌వర్డు తీసేశారు. విచారణ పూర్తయ్యేదాకా రోజూ పదినుంచి అయిదుదాకా ఆ కుర్చీలో ఉండాలి, ఏ పనీ ముట్టుకోకూడదు, అనుమతి లేకుండా నగరం దాటకూడదు అని కాగితం ఇచ్చారు. అంటే ఏడు గంటల బస్సు ఆమెకు లేదు. నల్లటి తెరలో తన మొహం కనిపిస్తుంది. పక్కసీటాయన అప్పుడప్పుడూ, "ఈ తేదీలు కాస్త చూసి పెట్టు, నోటితో చెప్పు చాలు, ముట్టుకోకు," అని కాగితాలు చూపిస్తాడు. ఆమెను ఊరికే కూర్చోనివ్వకుండా ఆయన చెయ్యగలిగింది అంత.

అర్జీలన్నిటికీ అచ్చువేసిన జవాబులు వెళ్ళాయి. ఉప్పుమళ్ళ నర్సుకు కూడా: మీ అర్జీ పరిష్కరించబడినది. ఆవిడ అడిగిన సంఖ్య అందులో లేదు. పంపేముందు ఆ కాగితం అడుగున, పెన్సిలుతో, ఎవరూ చూడకుండా, చీమ రెండే అంకెలు వేసింది: యాభై ఎనిమిది. అది నియమాలకు విరుద్ధం.

మూడు వారాల తరవాత ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. వెనకనుంచి రాళ్ళు పగిలే చప్పుడు, దాని వెనక ఎవరో పసివాడి ఏడుపు.

"ఏమే, పనిలో ఉన్నావా?"

"లేనక్కా. ఊరికే కూర్చున్నాను."

"నేను నిలబడే ఉన్నాను. ఇక్కడ టీకాల రోజు. ఒకటి అడుగుతాను చెప్పు. మళ్ళీ బదిలీలు ఎప్పుడు?"

"మూడేళ్ళకి."

"ఇక్కడ ఏడాదికి అయిదు పాయింట్లు కదా. అప్పటికి నావెంత?"

"డెబ్భై మూడు."

"చాలతాయా?"

ఎవరెవరు అడుగుతారో, వాళ్ళవెంతో, ఎవరింట్లో ఎవరు మంచాన పడి ఉంటారో, చీమ ఒకసారి తిప్పి చూసుకుంది. "తెలీదక్కా," అంది.



"నీ నోట అబద్ధం రాదేమే చచ్చినా," అంది అక్క. "సరే, పెట్టె అక్కణ్ణించి తియ్యొద్దని అమ్మకి చెప్పు. కాళ్ళకి తగులుతోందని పొద్దున ఫోన్లో ఒకటే గొడవ."

ఆ సాయంత్రం చీమ ఇల్లు చేరి, చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి పెట్టె పక్కనుంచి లోపలికి జరిగింది. మర్నాడు మంగళవారం. పిల్ల పెట్టెమీద తెల్లబూట్లు రెండూ పక్కపక్కన పెట్టి, తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి పట్టుకుని, ఆమె కోసం చూస్తోంది.